'చావ్' అనే పలకరింపు

ఊళ్లు చూడబోయినవారు కోటలు చూస్తారు, గుళ్లు చూస్తారు, బజార్లు చూస్తారు. నాబోటి తెలుగు మేష్టరు ఎక్కడికి వెళ్లినా కళ్లకంటె ముందు చెవులు పని మొదలుపెడతాయి. ఇరవై ఏళ్లుగా కాలేజీ పిల్లలకు అర్థసంకోచం, అర్థవ్యాకోచం అని పాఠాలు చెప్పిన ఫలితం కాబోలు, కొత్త మాట ఒకటి చెవిని పడితే దాని ఇంటిపేరూ గోత్రమూ కనుక్కునేదాకా నాకు తోచదు. నిరుడు వేసవిలో ఇటలీ ఈశాన్యపు కొసనా, దాని పక్కనున్న స్లొవేనియాలోనూ పది రోజులు తిరిగి వచ్చాను. చూసినవాటిలో సగం అప్పుడే మరుపున పడ్డాయి. విన్న మాట ఒకటి మాత్రం నన్ను వదలలేదు. ఆ మాట వెంట సాగిన ప్రయాణం ఇది.

మా బావమరిది భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. ఇటలీలోని త్రియెస్తే నగరంలో అబ్దుస్ సలామ్ 1964లో నెలకొల్పిన అంతర్జాతీయ కేంద్రం ఒకటి ఉంది. మన దేశంనుంచి కూడా శాస్త్రజ్ఞులు అక్కడికి వెళ్లి కొన్నాళ్లు పనిచేసుకుని వస్తూంటారు. అలా వెళ్లిన మావాడు, "అక్కను తీసుకుని రండి బావగారూ, ఇప్పుడు రాకపోతే మరెప్పుడూ రారు" అని పట్టుబట్టాడు. తమ్ముడి పిలుపు అయ్యేసరికి మా ఆవిడ వారం రోజులలో ఆవకాయా, కందిపొడీ సిద్ధం చేసింది. ఇక నేను కాదనేదేముంది?

మొదట వెనిస్‌లో దిగాం. మావాడు ఎదురు వచ్చాడు. మర్నాడు పొద్దున్నే కాఫీ దుకాణంలో కూర్చున్నాం. లోపలికి వచ్చేవాడు "చావ్!" అంటాడు. బయటికి పోయేవాడు "చావ్, చావ్!" అంటాడు. కప్పులు కడిగే పిల్ల పాలవాణ్ణి చూసి "చావ్!" అంటుంది. మా ఆవిడ ముఖం చిట్లించుకుంది.

"ఇదేం ఊరండీ! పొద్దున్నే లేచి ఒకళ్లనొకళ్లు చావు చావు అనుకుంటారు!"

మావాడు పకపకా నవ్వాడు. "అది తిట్టు కాదక్కా. వస్తే కులాసాయా అనీ, పోతే వెళ్లొస్తాననీ. రెంటికీ అదే మాట."

"అసలు అర్థమేమిట్రా?" అన్నాను.

"పలకరింపుకు అర్థమేమిటి బావగారూ!" అన్నాడు వాడు.

కాని అర్థం ఉంది. "నేను తమ బానిసను" అని ఆ మాటకు అర్థం. ఇంకా వెనక్కు తవ్వితే ఆ బానిస అనే మాట ఒక జాతి పేరు. మరీ వెనక్కు పోతే ఆ జాతి పేరు, మన సంస్కృతపు 'శ్రవణా'నికి దాయాది. ఒక చిన్న పలకరింపులో ఇంత పురాణం ఉంది.

స్లావుల రేవు

ఆ పురాణం తెలుసుకోవడానికి వెనిస్‌కంటె మంచి చోటు లేదు. వెనిస్‌ను ఏలిన డోజుల భవనం పక్కన గడ్డి వంతెన అనే రాతి వంతెన ఉంది. ఒకప్పుడు గడ్డి పడవలు అక్కడ ఆగేవట. దానిమీద నిలుచుంటే ఒక పక్క ఖైదీలను నడిపించిన నిట్టూర్పుల వంతెన కనిపిస్తుంది. యాత్రికులంతా ఆ వైపే తిరిగి ఫొటోలు తీసుకుంటారు. వంతెన దిగి తూర్పుగా నడిస్తే నీటి ఒడ్డున విశాలమైన రాళ్లబాట. ఒక పక్క హోటళ్లు, ఒక పక్క అలలకు ఊగే గొండోలాలు, మధ్య ముఖాలకు తగిలించుకునే బొమ్మలమ్మే బళ్లు. గోడమీద ఆ బాట పేరు రాసి ఉంది: రీవా దెల్లీ స్కియావోనీ. స్కియావోనీల రేవు అని.

స్కియావోనీలు అంటే స్లావులు. ఎదురుగా ఉన్న ఏడ్రియాటిక్ సముద్రానికి అవతలి ఒడ్డు దల్మాషియా. ఇప్పుడది చాలావరకు క్రొయేషియాలో ఉంది. అక్కడి నావికులూ వర్తకులూ తమ సరకు పడవలను ఈ ఒడ్డున కట్టేవారు. వెనిస్‌లో ఇప్పటికీ నవంబరు 21న, 1630నాటి మహమ్మారి తీరినందుకు చేసే పండుగనాడు, పొగపెట్టి ఎండబెట్టిన గొర్రెమాంసంతో ఒక కూర వండుతారు. ఆ ఎండుమాంసం దల్మాషియావాళ్లు తెచ్చిన సరకే.

ఆ రేవుకు కొంచెం లోపలగా, సన్నని కాలవ పక్కన, వాళ్లు 1451లో పెట్టుకున్న సంఘమందిరం ఉంది. పరాయి ఊళ్లో ఒంటరివాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు, ముసలి నావికులకు ఆసరాగా ఉండటం ఆ సంఘం పని. లోపల విత్తోరె కార్పాచ్చో 1502 ప్రాంతంలో మొదలుపెట్టి వేసిన తొమ్మిది చిత్రాలు ఉన్నాయి. ఒకదానిలో సెయింట్ జార్జి డ్రాగన్‌ను ఈటెతో పొడుస్తూంటాడు. మరొకదానిలో సెయింట్ ఆగస్టీన్ రాసుకుంటూ రాసుకుంటూ ఆగి కిటికీ వైపు చూస్తూంటాడు. నేలమీద బుజ్జి తెల్లకుక్క ఒకటి, తనకూ ఏదో వినపడినట్టు, తల ఎత్తి ఉంటుంది. మా ఆవిడ ఆ కుక్కపిల్ల దగ్గరనుంచి పది నిమిషాలు కదలలేదు.

మాట గలవాళ్లు

స్లావులు తమను తాము ఏమని పిలుచుకున్నారు? పాతరోజుల్లో 'స్లొవేనె' అని. 'స్లొవొ' అంటే మాట. మాట గలవాళ్లు, ఒకరి మాట ఒకరికి తెలిసేవాళ్లు స్లొవేనెలు అని చాలామంది పండితులు చెబుతారు. ఏదో నది పేరుమీద వచ్చిందనే పండితులూ లేకపోలేదు. మొదటి మాటకు బలమిచ్చే సాక్ష్యం ఒకటి ఉంది. స్లావులు పొరుగునున్న జర్మనులకు పెట్టిన పేరు 'నెమెత్స్'. అంటే మూగవాడు! తమ భాష రానివాడు మూగవాడితో సమానం అన్నమాట. మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? మ్లేచ్ఛుడు అనే మాటకు మొదటి అర్థం తెలియకుండా మాట్లాడేవాడనే.

ఈ 'స్లొవొ'కు సంస్కృతంలో తోబుట్టువు 'శ్రవస్సు'. శ్రవస్సు అంటే వినికిడి. నలుగురూ చెప్పుకోగా వినపడేది కనుక కీర్తి కూడా. పోలిక చూసి ఊరికే చుట్టరికం కలపడం కాదిది. మన 'శ' ఉన్నచోట స్లావు భాషలలో 'స' వస్తుంది. శతం అక్కడ 'స్తో'. దశ అక్కడ 'దెసెత్'. శ్వేతం రష్యన్‌లో 'స్వెత్', వెలుతురు. ఇక రేఫానికి లకారం రావడం మనకు కొత్తా? రలయోరభేదః అని చదువుకున్నవాళ్లమే. మనకు 'శ్రు' అయినది వాళ్లకు 'స్లు' అయింది. కీర్తికి వాళ్ల మాట 'స్లావ'. యారొస్లావ్, మిరొస్లావ్, స్తానిస్లావ్ అనే పేర్ల చివర ఉన్నది అదే. భారతంలో కౌరవపక్షాన పోరాడిన భూరిశ్రవుడూ, రావణాసురుడి తండ్రి విశ్రవసుడూ ఇదే అచ్చులో పోసిన పేర్లవాళ్లు. గ్రీకుల పెరిక్లీస్, సొఫొక్లీస్ పేర్ల చివరిదీ ఇదే ధాతువు.

ఇంతటి గౌరవం గల మాట గ్రీకుల నోటా, లాటిన్ వారి నోటా పడింది. ఆ భాషలలో మాట మొదట 'స్ల' పలకదు. మన పల్లెటూళ్లలో స్కూలు ఇస్కూలు అయినట్టు, వాళ్లు మధ్యలో ఒక 'క' చేర్చుకున్నారు. 6వ శతాబ్దపు రాతలలోనే ఈ 'క' చేరిన రూపాలు కనిపిస్తాయి. లాటిన్‌లో చివరికి 'స్క్లావుస్' అని నిలిచింది. లాటిన్ 'క్ల' ఇటాలియన్‌లో 'కియ' అవుతుంది: తాళంచెవి క్లావిస్ కాస్తా కియావే అయింది. ఆ లెక్కన స్క్లావుస్ 'స్కియావో' అయింది. ఇంతవరకు దీనికి అర్థం స్లావు అనే.

సంతలో పడ్డ పేరు

మరి బానిస అనే అర్థం ఎక్కడినుంచి వచ్చింది? సంతలోంచి వచ్చింది.

మధ్యయుగాలలో క్రైస్తవులను క్రైస్తవులు అమ్మరాదని కట్టడి ఉండేది. స్లావులలో చాలామంది అప్పటికి ఆ మతం పుచ్చుకోలేదు. అందువల్ల తూర్పు సరిహద్దు యుద్ధాలలో పట్టుబడిన స్లావులు సరకైపోయారు. ప్రాగ్ బజారులోనూ, ఏడ్రియాటిక్ రేవులలోనూ వాళ్లను కొని దక్షిణానికి తోలేవారు. స్పెయిన్‌లోని కార్డోవా ఖలీఫాల కొలువులో వాళ్లు వేలసంఖ్యలో ఉండేవారు. అరబ్బులు వాళ్లను 'సకాలిబా' అన్నారు. అదీ ఈ పేరే. వెనిస్ వర్తకులకు ఈ బేరం బాగా తెలుసు. 8వ శతాబ్దంలో వాళ్లు రోములో మనుషులను కొని ఆఫ్రికాకు తోలబోతే జకారియా పోపు సొమ్మిచ్చి విడిపించాడని పోపుల చరిత్రలో రాసి ఉంది. 960లో వెనిస్ ఏలిక ఈ వ్యాపారాన్ని నిషేధించాడు. బేరం మాత్రం ఆగలేదు. 14, 15 శతాబ్దాలలో నల్లసముద్రపు రేవులనుంచి తార్తార్లనూ, సర్కాషియన్లనూ, రష్యన్లనూ తెచ్చి అమ్మారు. అప్పటికి సంతలో నిలబడ్డవాడు ఏ జాతివాడైనా వాడి పేరు స్కియావోనే.

లాటిన్ బిడ్డలైన భాషలన్నీ ఆ మాటను అందుకున్నాయి. ఫ్రెంచిలో ఎస్క్లావ్, స్పానిష్‌లో ఎస్క్లావో, పోర్చుగీసులో ఎస్క్రావు. 1444లో పోర్చుగల్ దక్షిణ తీరంలోని లాగోస్ రేవులో ఆఫ్రికానుంచి పట్టితెచ్చిన మనుషులను పంచుకున్నప్పుడు, వాళ్లకూ ఈ పేరే అంటగట్టారు. స్లావు అన్నవాణ్ణి ఎన్నడూ కళ్లతో చూడని జనం స్లావు పేరుతో అమ్ముడుపోయారు. చివరికి స్లావులను స్లావులని చెప్పడానికి ఆ భాషలు కొత్తమాట చేసుకోవలసి వచ్చింది.

సంతలో అలా ఉండగా, వెనిస్ పెద్దమనుషుల ఇళ్లల్లో అదే మాటకు మరోదశ పట్టింది. మర్యాద ముదిరితే మనిషి తనను తాను తగ్గించుకుంటాడు. "తమ విధేయుడు" అని ఉత్తరాల చివర మనం ఎన్ని తరాలు రాశాం! వెనిస్ వారు "మీ బానిసను" అన్నారు. వాళ్ల మాండలికంలో అది "స్-చావో". 18వ శతాబ్దపు గోల్డోనీ నాటకాలలో పాత్రలు ఇలాంటి పలకరింపులు చేస్తూంటాయి. నాలుకమీద నలిగి నలిగి ముందరి సకారం రాలింది, నడిమి వకారం కరిగింది. మిగిలినది "చావ్". జర్మను, హంగరీ దేశాలవైపు లాటిన్ మాట 'సెర్వుస్'నే పలకరింపుగా వాడతారు. దానికీ బానిస అనే అర్థం.

ఇది చదివి నవ్వుకునే ముందు మన ఇంటి సంగతి చూసుకోవాలి. ఋగ్వేదంలో దాసులు అంటే ఎదిరిపక్షపు జనం. తరవాత దాసుడంటే ఊడిగం చేసేవాడయ్యాడు. ఆ మీదట భగవంతుడికి దాసుడు కావడమే గొప్ప అయింది. కంచర్ల గోపన్న రామదాసై మన గుండెల్లో నిలిచాడు. వైష్ణవుల ఇళ్లల్లో "దాసోహం" అనడం ఇప్పటికీ ఉంది. జాతిపేరు, ఊడిగం, మర్యాద: మూడు మెట్లూ మనమూ ఎక్కిదిగినవే.

త్రియెస్తేలో తిట్టు

వెనిస్‌నుంచి త్రియెస్తేకు రైలులో సుమారు రెండు గంటల ప్రయాణం. చివర కొండలు సముద్రంలోకి వంగి ఉంటాయి, వాటి అంచున రైలు పోతుంది. 1918దాకా ఆస్ట్రియా సామ్రాజ్యానికి పెద్ద రేవు ఇది. ఇటాలియన్లూ, కొండ ఊళ్లనుంచి వచ్చిన స్లొవీన్లూ కలిసి బతికిన ఊరు. ఇక్కడ మాట ఇంకా పచ్చిగా ఉంది. పలకరింపు "చావ్" అయిపోయినా, సకారమూ వకారమూ నిలుపుకున్న పాత "స్-చావో"ను ఈ ఊళ్లో స్లొవీన్లను తిట్టడానికి వాడేవారు. ఒకే మాట. కుదించి అంటే స్నేహం, నిండుగా అంటే తిట్టు.

ఊరి నడుమ నరోద్ని దోమ్ అనే అయిదంతస్తుల భవనం చూశాం. జాతి భవనం అని అర్థం. 'దోమ్' అంటే ఇల్లు. మన దంపతులు అనే మాటలోని 'దం' దీని తోబుట్టువే. స్లొవీన్లు 1904 నాటికి ఈ ఇల్లు కట్టుకుని నాటకశాల, హోటలు, బాంకు అన్నీ అందులో పెట్టుకున్నారు. 1920 జులై 13న ఫాసిస్టు మూకలు దాన్ని తగలబెట్టాయి. 1923లో వచ్చిన చట్టంతో బడులలో స్లొవీన్ చదువు వరసగా మూతపడింది. 1927నుంచి ఇంటిపేర్లు మార్చారు. వోదోపివెత్స్ అనే ఇంటిపేరు ఉండేది, నీళ్లు తాగేవాడు అని. దాన్ని ఇటాలియన్‌లోకి దించి బెవిలాక్వా చేశారు. మనిషి పేరును అనువాదం చేయడం నేను ఎక్కడా విని ఉండలేదు. ఆ కాలిన ఇంటిని తరవాత బాగుచేశారు. విశ్వవిద్యాలయంవారు అందులో దుబాసీలనూ అనువాదకులనూ తయారుచేసే విద్యాలయం పెట్టారు! సరిగ్గా నూరేళ్లకు, 2020 జులై 13న, ఇటలీ, స్లొవేనియా అధ్యక్షులిద్దరూ ఎదుట ఉండగా దాన్ని స్లొవీన్లకు తిరిగి ఇచ్చే పత్రంమీద సంతకాలయ్యాయి.

మావాడు అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు స్లొవీను. ఎనభై దాటిన మనిషి. మా ఆవిడ పెట్టిన ఆవకాయ ముక్క నాలుకకు తగిలించి, కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ కొంచెం పెట్టమంది. ఆవిడ తండ్రి ఇంటిపేరు కూడా మార్చారట. "మా నాన్న సంతకం పెట్టేటప్పుడల్లా కలం పట్టుకుని ఒక నిమిషం ఆగేవాడు" అంది. చిన్నప్పుడు వీధిలో తన భాష మాట్లాడితే పిల్లలు ఆ తిట్టు అరుస్తూ వెంటపడేవారట.

మావాడు దుబాసీగా ఉండగా, ఈ ఊరివాళ్లంతా పలికే "చావ్" ఆ తిట్టుకు సొంత తమ్ముడేనన్న సంగతి ఆవిడతో చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"తెలుసు నాయనా. ఆనాడు నన్నలా పిలిచినవాళ్లు ఇప్పుడు రోజుకు ఇరవైసార్లు ఎదురుపడి, నేను నీ బానిసనంటే నేను నీ బానిసనంటున్నారు. నేను తల ఊపి ఊరుకుంటాను" అని పళ్లులేని నోటితో నవ్వింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావాడి సహోద్యోగి, రుమేనియా ఆయన, ఉన్నాడు. వాళ్ల భాషా లాటిన్ బిడ్డే. అయితే వాళ్ల పాత మాట 'ష్కియావ్'కు బానిస అనే అర్థం అంటలేదట. స్లావు అనే అర్థమే నిలిచింది. బ్రషోవ్ పట్టణంలో బల్గేరియా స్లావుల పేరుమీద 'ష్కెయ్' అనే పేట ఇప్పటికీ ఉంది. మరి బానిసను ఏమనేవారని అడిగాను. 'రొబ్' అన్నాడు. అది స్లావులదగ్గర తీసుకున్న మాట! ఇటాలియన్లు స్లావుల పేరు తీసుకుని బానిసకు పెట్టారు. రుమేనియన్లు స్లావులనుంచి బానిస అనే మాటనే అప్పు తెచ్చుకున్నారు.

ఆ 'రొబ్' సంతానంలో ఒకటి మన పిల్లలందరికీ తెలుసు. చెక్ భాషలో 'రొబోత' అంటే వెట్టిచాకిరీ. కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంలో మనిషి చేసిన కూలిమనుషులకు పేరు కావలసివస్తే, ఆయన అన్న యోసెఫ్ 'రొబోత్' అని సూచించాడు. అదే మన రోబో. ఈ కుటుంబానికి సంస్కృతంలో చుట్టం 'అర్భ', అంటే చిన్నవాడు, బలం లేనివాడు. మనం జాలిగా "పాపం, అర్భకుడు" అంటామే, ఆ అర్భకుడూ రోబోవూ దూరపు జ్ఞాతులు. మావాడు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. "బావగారూ, భౌతికశాస్త్రంలో కూడా ఇంత దూరపు కణాలు కలవవు" అన్నాడు.

స్లొవేనియాలో

త్రియెస్తేనుంచి స్లొవేనియా రాజధాని లుబ్లియానాకు బస్సులో వెళ్లాం. తొంభై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. దారంతా దేవదారు అడవులు. స్లొవేనియా 1991లో స్వతంత్రదేశమైంది. ఇరవై లక్షల పైచిలుకు జనం. మన జిల్లా ఒకదానిలో ఇమిడిపోతారు.

ఆ చిన్న దేశం తన పేరులోనే పాత 'స్లొవేనె' మాటను చెక్కుచెదరకుండా నిలుపుకుంది. వాళ్ల భాషలో మొదటి అచ్చుపుస్తకాలు ప్రిమోజ్ త్రుబార్ అనే మతగురువు 1550లో వేయించినవి: ఒకటి మతబోధ, ఒకటి అక్షరమాల. స్వదేశంలో నిలవనీయకపోతే జర్మనీలోని త్యూబింగెన్‌లో అచ్చు వేయించాడు. ఊరి నడుమ చౌరస్తాలో ఉన్న విగ్రహం రాజుదీ కాదు, సేనానిదీ కాదు. ఫ్రాంత్సె ప్రెషేరెన్ అనే కవిది. ఆయన 1849లో చనిపోయిన ఫిబ్రవరి 8వ తేదీ ఆ దేశమంతటికీ సెలవు. పక్కనే మూడు వంతెనలు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. పాత వంతెనకు అటొకటీ ఇటొకటీ చేర్చి ప్లెచ్నిక్ అనే వాస్తుశిల్పి 1932 నాటికి పూర్తిచేశాడు.

నాకు ఆ ఊళ్లో అన్నిటికంటె ఆనందమిచ్చినది ద్వివచనం! మన పిల్లలు శబ్దమంజరి చూసి ఏడ్చే ఆ ద్వివచనం స్లొవీన్ భాషలో ఇప్పటికీ ఇంట్లో, బజార్లో బతికి ఉంది. మేమిద్దరం అనడానికి 'మిద్వా' అంటారు. ఆ 'ద్వా' ఎవరో చెప్పనక్కరలేదు కదా. సాయంత్రం ఏటి ఒడ్డున నడుస్తూ మా ఆవిడతో ఈ సంగతి చెబితే, "అయితే మనకోసం వేరే వ్యాకరణం ఉందన్నమాట" అంది. ఇరవై ఏళ్ల కాపురంలో వ్యాకరణాన్ని గురించి ఆవిడ మంచిమాట చెప్పడం అదే మొదలు.

'స్లొవొ' గురించి అక్కడే మరొక వింత తెలిసింది. రష్యన్, పోలిష్, చెక్ భాషలలో స్లొవొ అంటే మాట. మనలాగే రష్యన్లు కూడా "మాట ఇచ్చాడు" అంటారు, వాగ్దానం అనే అర్థంతో. సెర్బులకూ క్రొయేషియన్లకూ అదే అక్షరం. స్లొవీన్లు మాత్రం మాటను 'బెసేద' అంటారు. వాళ్ల దగ్గర స్లొవొ అంటే వీడ్కోలు! మనం సెలవు తీసుకున్నట్టే వాళ్లు స్లొవొ తీసుకుంటారు. స్లొవొ, సెలవు అని పక్కపక్కన పెట్టి చుట్టరికం కలపాలని నాకూ చెయ్యి దురద పుట్టింది. కాని ఇది వట్టి ధ్వనిపోలిక. శ్రవస్సుకు ఉన్నట్టు సూత్రం దీనికి లేదు. ఆశపడి లాభం లేదు.

మర్నాడు బస్సు స్టాండులో ఇద్దరు కుర్రవాళ్లు విడిపోతూ చేతులు ఊపుకున్నారు. ఏమనుకున్నారో నా చెవి పట్టేసింది. "చావ్!" స్లొవీన్లు అంటారు, సెర్బులు అంటారు, చెక్కులు అంటారు, బల్గేరియావాళ్లు అంటారు. తమ జాతిపేరే ఓడలెక్కి, సంతలో నిలబడి, వెనిస్ మేడలలో వంగి వంగి దండాలు పెట్టి, అరిగిపోయి, మళ్లీ తమ ఇంటికే వచ్చిందని ఎరగకుండా అంటారు. ఇటలీనుంచి వలసపోయినవాళ్లతో అర్జెంటీనా దాకా పోయి, అక్కడ స్పానిష్‌లోనూ అదే వీడ్కోలైంది.

పెట్టుకున్న పేరు, పెట్టిన పేరు

తిరుగు ప్రయాణంలో నాకు కోరంగి గుర్తుకు వచ్చింది. మా కాకినాడకు దక్షిణాన, ఓడలు కట్టిన పాత రేవు. ఆ ప్రాంతపు రేవులనుంచి మనవాళ్లు వేలకొద్దీ కూలిపనికి రంగూను వెళ్లారు. బర్మాలో వాళ్లకు దొరికిన పేరు 'కోరంగి'. విశాఖపట్నంవాడైనా, గంజాంవాడైనా కోరంగివాడే. ఇంకా తూర్పున మలయాలో మన కళింగం పేరు 'కెలింగ్' అయింది. మలక్కాలో 1748లో కట్టిన మసీదు పేరులో అది గౌరవంగానే నిలిచి ఉంది. వీధిలో మాత్రం దక్షిణాదివాళ్లను తిట్టే మాటగా దిగజారింది. రాజులేలిన దేశం పేరు, ఓడలు కట్టిన రేవు పేరు, బరువులు మోసే మనుషుల మీద పడేసరికి నీచమైపోయాయి. మాటలో తప్పులేదు. మోసేవాణ్ణి చూసే కంటిలో ఉంది తప్పు.

క్లాసులో నేను అర్థాపకర్షకు కైంకర్యం ఉదాహరణ చెబుతూంటాను. దేవుడికి చేసే సేవ కాస్తా సొమ్ము దిగమింగడమైంది కదా. పిల్లలు నవ్వుతారు, రాసుకుంటారు. ఈ ఏడు అదే పాఠంలో త్రియెస్తే ముసలమ్మ తండ్రి సంగతి చెప్పాను, సంతకం ముందు కలం పట్టుకుని ఆగిన ఆ నిమిషం సంగతి. ఎవరూ నవ్వలేదు. వెనకబెంచీనుంచి ఒక అమ్మాయి లేచి, "మా తాతగారి నాన్నగారు రంగూనునుంచి నడిచి వచ్చారండి. ఆయన్ను ఊళ్లో చివరిదాకా రంగం ఆయన అనే పిలిచేవారట. అసలు పేరు మాకెవరికీ తెలియదు" అంది. కనుక్కోమన్నాను. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే కనుక్కోమన్నాను.

మీ ఇళ్లల్లోనూ అలాంటి పేర్లు ఉండే ఉంటాయి. పరదేశంలో ఉన్న పిల్లవాడు ఫోను పెట్టేస్తూ "చావ్" అంటే ఉలిక్కిపడకండి. వాడు తమకు దాసోహమంటున్నాడు. ఆశీర్వదించి, ఆ నాలుగు పేర్లూ వాడికి చెప్పి, అప్పుడు పెట్టేయండి.

ఇక సెలవు.